సందేహాలు – సమాధానాలు: కాంతికి ఆలస్యమా, విలంబమా?

ప్రశ్న: మైక్రోవేవ్ సంకేతాలను సవరించడానికి వాడే 'స్విచబుల్ ఆప్టికల్ డిలే లైన్' మీద వ్యాసం రాస్తున్నాను. 'మారదగు దృశ్య ఆలస్య రేఖ' అనవచ్చా?

సమాధానం: తెలుగులో రాయాలన్న మీ పట్టుదల నాకు నచ్చింది. కానీ నిఘంటువు తెరిచి మాటకు మాట అతికించడం ఈమధ్య మరీ ఎక్కువైంది. ముందు ఆ వస్తువు చేసే పని చూడాలి కదా! మైక్రోవేవ్ సంకేతాన్ని లేజర్ కాంతి మీద ఎక్కించి గాజు ఫైబర్‌లోకి పంపుతారు. మీటరు ఫైబర్ దాటడానికి కాంతికి సుమారు 5 నానోసెకన్లు పడుతుంది (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు). 20, 40, 80, 160 సెంటీమీటర్ల అదనపు ముక్కలను వరసగా పెట్టి, ఏ ముక్కలోంచి పోవాలో, దేన్ని తప్పించాలో స్విచ్‌లతో ఎంచుకుంటే, 0 నుంచి 15 నానోసెకన్ల దాకా 16 రకాల జాగు దొరుకుతుంది. రాడార్ కిరణాన్ని యాంటెన్నా కదపకుండా, దాని భాగాలకు సంకేతాన్ని వేర్వేరు జాగుతో పంపి తిప్పేచోట ఇది చాలా అవసరం. ఫేజ్ (తరంగం ఊగే దశ) ఒక్కటే మారిస్తే, పౌనఃపున్యం మారినప్పుడల్లా కిరణం దిక్కు కూడా జరిగిపోతుంది. కాలాన్నే జరిపితే జరగదు.

ఇప్పుడు మాటల సంగతి. 'ఆలస్యం' అలసుడి గుణం, అలసుడంటే సోమరి. వాడుకలో ఆ మాట జాగుకు స్థిరపడింది, కాదనను. కానీ ఫైబర్‌లో కాంతి బద్ధకించడం లేదు, మనం కొలిచి పెట్టిన దూరం నడుస్తోంది. 'విలంబం' అలా కాదు. దాని ధాతువుకు వేలాడడం అని అర్థం. లంబం, లంబోదరుడు, ఆలంబన, అవలంబించడం అన్నీ ఆ ఇంటివే. సంగీతంలో విలంబ, మధ్య, ద్రుత లయలు ఉన్నాయి. విలంబంలో నిదానానికి లెక్క ఉంటుంది, దాన్ని ఎవరూ సోమరితనం అనరు. ఈ పరికరానికి కావలసింది సరిగ్గా అదే.

నా మనసు మాత్రం 'తడవు' మీదే ఉంది. కన్నడంలో తడ అంటే జాగు, తమిళంలో తడై అంటే అడ్డు. 'తడయక' అంటే జాగు చేయకుండా అని. ఇంత చక్కని సొంత మాటను మూలన పడేశాం. ఇవాళ 'తడవు' అంటే వానలో తడవడమే గుర్తొస్తుంది కాబట్టి బలవంతపెట్టను.

'దృశ్య' వద్దు, ఇక్కడ చూసే బొమ్మ ఏదీ లేదు, 'కాంతి' చాలు. 'రేఖ' గీసేది, సంకేతం నడిచేది 'మార్గం'. 'స్విచ్‌లున్న కాంతి విలంబ మార్గం' అంటే నాకు సమ్మతమే. ఇంజనీర్లు 'డిలే లైన్' అనే రాస్తామంటే దాన్నీ తప్పు పట్టను. 'స్విచ్'ను మాత్రం కదపకండి.