ఏరు జరిగిందా, పటం తప్పా?

ప్రశ్న: తాతగారి ట్రంకుపెట్టెలో వెనక గుడ్డ అంటించిన పాత టోపో షీట్ (ఎత్తుపల్లాలు, ఏర్లు, రోడ్లు చూపే సర్వే పటం) దొరికింది. అంగుళానికి మైలు స్కేలు. అందులో ఏరు మా ఊరిని ఒరుసుకుని పారుతున్నట్టు గీశారు. ఇప్పుడు ఏటికి వెళ్లాలంటే అర మైలు నడవాలి. పటం తప్పా? పొలం గట్టు గొడవలో దీన్ని చూపించుకోవచ్చా?

జవాబు: ముందు పటం అంచున ఉన్న చిన్నక్షరాలు చదవండి. అచ్చయిన ఏడాది కాదు, సర్వే చేసిన ఏడాది కావాలి. పాత సర్వేకే కొత్త రోడ్లు చేర్చి మళ్లీ అచ్చేయడం మామూలే.

ఏరు జరిగే ఉంటుంది. బల్లపరుపు నేల మీద వంపులు తిరిగే ఏరు బయటి గట్టును కోసుకుంటూ, లోపలి గట్టున ఒండ్రు పోస్తూ పక్కకు జరుగుతుంది. పెద్ద వరదకు వంపు మొదలు తెగిందంటే ఆ వంపంతా వదిలేసి అడ్డదారిన పోతుంది. పటంలో ఏరున్న చోటికి వెళ్లి చూడండి. కొడవలిలా వంగిన పల్లమో మడుగో కనిపిస్తే, అది పాత ఏటి దారి కావచ్చు.

అయితే ఊరి దగ్గర నిలబడి ఊహించకండి. కదలని వాటి నుంచి కొలవండి: పాత రాతి వంతెన, కొండ మీద సర్వే స్థానాన్ని చూపే త్రికోణం గుర్తు. అర మైలంటే పటంలో అర అంగుళం. కొలిచేది అసలు షీటు మీదే. పని నేర్చుకునే రోజుల్లో నేను ఫొటోకాపీ మీద రూలుకర్ర పెట్టి, దగ్గరే కదా అని రేవుకు బయల్దేరి, చీకటి పడ్డాక చేరాను. మెషీన్ పటాన్ని కుదించేసింది! కాపీయే గతి అయితే కింద గీసిన స్కేలు గీతతో కొలవండి. పటంతో పాటు అదీ కుదించుకుపోతుంది కాబట్టి మోసం చెయ్యదు.

ఏరు ఎటు పారుతోందో తేలకపోతే గోధుమరంగు కాంటూరు గీతల్ని, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల్ని, చూడండి. నీటిని దాటేచోట వాటి మొన ఎగువకు తిరిగి ఉంటుంది. పక్కనున్న ఎత్తులు అడుగుల్లో ఉంటాయి. ఫోన్‌లో కనిపించే మీటర్లతో పోల్చి టెన్షన్ పడకండి: 200 అడుగులంటే 61 మీటర్లు.

ఇక గొడవ సంగతి. ఏ పొలం చెక్క ఎవరిదో టోపో షీట్ చెప్పదు. పైగా ఈ స్కేలులో ఒక్క మిల్లీమీటరు అంటే నేల మీద 63 మీటర్లు. మీ గొడవ ఎన్ని గజాలకో మీరు రాయలేదు.