ఆట మీద వాదించే తీరు: అల్లునికి ఒక ఉత్తరం

హన్మకొండ

చిరంజీవి అల్లునికి ఆశీస్సులు.

ఆదివారం పూట గోదావరిఖని చౌరస్తాల మీ దోస్తులంత చాయ్ దగ్గర కూడితే ఆట ముచ్చట అరగంటల లొల్లి అయితున్నదని, ఇద్దరు మాట్లాడుకునుడే బంద్ చేసిండ్రని రాసినవ్. ఎట్ల వాదించాలె అని అడిగినవ్. ఆటంటే పాణమిచ్చేటోడు వాదించకుండ ఉండలేడు, ఉండాల్సిన పని గూడ లేదు. కాకపోతే మీరు నలుగురు నాలుగు వేరు వేరు ప్రశ్నలకు జవాబు చెప్పుకుంట, అందరం ఒక్కదాని మీదనే కొట్లాడుతున్నం అనుకుంటున్నరు. లొల్లికి మూలం అదే.

ఫాస్ట్ బౌలర్ షమీ సంగతే తీసుకో. "సన్‌రైజర్స్ షమీని వదులుకునుడు తప్పా, ఒప్పా" అంటే ఒక్క ప్రశ్న లెక్కనే కనవడ్తది. అండ్ల మూడున్నయి. మంచి బౌలరా? పది కోట్లకు తగ్గ బౌలరా? ఆ జట్టుకు ఆ ఏడు అక్కెర ఉన్న బౌలరా? మొదటిదానికి ఎవలూ కాదనరు. 2023 ప్రపంచ కప్‌ల 7 మ్యాచ్‌లల్ల 24 వికెట్లు తీసినోడు. రెండోది అట్ల కాదు. 2024 నవంబరుల జెడ్డా వేలంల 10 కోట్లకు వచ్చిండు, 2025 సీజన్ల 9 మ్యాచ్‌లల్ల 6 వికెట్లే తీసిండు. ఉప్పల్‌ల పంజాబ్ మీద 4 ఓవర్లల్ల 75 పరుగులు ఇచ్చిండు. అయితే ఆ 75ను ఒక్కదాన్నే ఎత్తి చూపెట్టేటోణ్ణి గూడ ఆపు. అదే రాత్రి పంజాబ్ పెట్టిన 245ను మనోళ్లు 8 వికెట్లతోని దాటిండ్రు, అభిషేక్ శర్మ 55 బంతుల్ల 141 కొట్టిండు. ఆ పిచ్ మీద రెండు దిక్కుల బౌలర్లకూ దెబ్బలే. మూడో ప్రశ్న లెక్కల ప్రశ్న. 2025 నవంబరుల షమీ అదే 10 కోట్ల ధరకు లక్నోకు పోయిండు, సన్‌రైజర్స్ పర్సుల, అంటే ఆటగాళ్ల మీద పెట్టనిచ్చే పైసలల్ల, 10 కోట్లు మిగిలినయి, డిసెంబరు వేలంల లివింగ్‌స్టన్‌కు 13 కోట్లు పెట్టిండ్రు. ఇగ అసలు వాదన ఇక్కడ: ఆ పైసలు బౌలింగ్ మీద పెట్టాల్సి ఉండెనా, బ్యాటింగ్ మీదనా? ఇది గంటసేపు నడిచే మంచి వాదన. "24 వికెట్లోణ్ణి ఎట్ల ఇడుస్తరు" అని ఒకడు, "75 ఇచ్చినోణ్ణి ఎట్ల ఉంచుకుంటరు" అని ఇంకొకడు అరుచుకునుడు వాదన కాదు. కూసున్నంక ముందుగాల ప్రశ్నను కాయితం మీద ఒక్క వాక్యంల రాయి. రాయరాకపోతే ఆ ప్రశ్న ఇంకా తయారు కాలేదన్నట్టు.

ట్రేడ్ మీద, అంటే వేలం లేకుండ జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునుడు మీద, వాదించేటప్పుడు పేర్లు చూసుడుకంటే ముందు పర్సు చూడు. 2025ల చెన్నై, రాజస్థాన్ మార్పిడి చూడు. సంజూ శాంసన్ 18 కోట్ల ధరతోని చెన్నైకి పోయిండు. జడేజా ధర 18 నుంచి 14 కోట్లకు దిగి రాజస్థాన్‌కు వచ్చిండు, వెంట 2.4 కోట్ల ఇంగ్లండ్ ఆటగాడు సామ్ కరన్ వచ్చిండు. చెన్నైకి 20.4 కోట్ల బరువు దిగి 18 ఎక్కింది, అంటే 2.4 కోట్లు మిగిలినయి, ఒక విదేశీ ఆటగాని జాగ గూడ ఖాళీ అయింది. రాజస్థాన్‌కు 18 దిగి 16.4 ఎక్కింది, 1.6 కోట్లు మిగిలినయి గాని విదేశీ జాగ ఒకటి నిండింది. జట్టుల విదేశీయులు 8 మందికి మించొద్దు, మైదానంల 4కు మించొద్దు కాబట్టి ఆ జాగకు గూడ ధర ఉన్నట్టే. ఇంత లెక్క వేసినంకనే "ఎవలు గెలిచిండ్రు" అని అడుగు.

ఇంకో రెండు సంగతులు మీవోళ్లకు చెప్పు. ఆటగాడు ఒప్పుకోకపోతే ట్రేడ్ కాదు, బోర్డు సరే అనాలె. కాబట్టి "గుంజుకపోయిండ్రు" అన్న మాట చెల్లదు. రెండోది, ఒక జట్టు ఇంకో జట్టుకు ఇచ్చే బదిలీ పైసలు బయటికి చెప్పరు. 2023ల హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వచ్చినప్పుడు మనకు తెలిసింది ఆయన జీతం 15 కోట్లే. లోపల ఎంత చేతులు మారినయో అని తిరిగిన అంకెలేవీ అధికారికం కావు. వాటి మీద మేడ కట్టొద్దు. ఎప్పుడు చేయొచ్చు అన్నదానికీ హద్దులున్నయి. సీజన్ అయిపోయిన 7 రోజులకు దారి తెరుచుకుంటది, వేలానికి 7 రోజుల ముందు మూసుకుంటది, వేలం అయినంక మళ్ల తెరుస్తరు. ఆ వేలంల కొన్నోణ్ణి మాత్రం ఆ సీజన్ల ట్రేడ్ చేయనియ్యరు. "మొన్న కొన్నోణ్ణి రేపు అమ్ముతరట" అని ఎవడన్న అంటే ఈ నియమం ముందట పెట్టు.

ధరను బట్టి ఆటగాణ్ణి తూకం వేసుడు గూడ ఆపాలె. ధర అంటే వేలం పాట నాడు ఎన్ని జట్లకు అటువంటోడు కావల్సి ఉండెనో, ఎవల పర్సుల ఎంత ఉండెనో చెప్పే లెక్క. కబడ్డీల కూతకు పోయే రెయిడర్ పవన్ సెహ్రావత్‌ను చూడు. 2022ల తమిళ్ తలైవాస్ 2.26 కోట్లు పెట్టింది. మొదటి మ్యాచ్‌లనే మోకాలు పోయింది, సీజన్ మొత్తం పోయింది. మరుసటేడు మన తెలుగు టైటాన్స్ 2.605 కోట్లకు తెచ్చుకున్నరు. ఆయన 200 పైన రెయిడ్ పాయింట్లు తెచ్చిండు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌లల్ల 2 గెలిచి అట్టడుగున కూసున్నది. ఆయన కొన్న ధర వసూలు చేసిండా అంటే చేసిండు. జట్టు ఎందుకు ఓడిందంటే, కబడ్డీల మెయిన్ రెయిడర్ దొరికిపోయి బెంచీ మీద కూసుంటే, వెనకకు తెచ్చేటిది డిఫెన్స్ పట్టే టాకిల్, లేదంటే మిగతా రెయిడర్ల టచ్. ఆ రెండూ రాకపోతే రివైవల్, అంటే ఔటైనోడు మళ్ల మ్యాట్ మీదికి వచ్చుడు, ఉండదు. అందుకే కబడ్డీ వాదనల రెయిడ్ పాయింట్లు చెప్పినోణ్ణి వెంటనే అడుగు: ఆయన మ్యాట్ మీద ఎన్ని నిమిషాలు ఉన్నడు, ఎన్ని నిమిషాలు బయట కూసున్నడు?

అంకెల సంగతి ఇంకొంచెం చెప్త, ఎందుకంటే మోసం ఎక్కువ అయ్యేది ఇక్కడనే. 2025 ఇంగ్లండ్ సిరీస్ల సిరాజ్ 5 టెస్టులల్ల 23 వికెట్లు, బుమ్రా 3 టెస్టులల్ల 14 వికెట్లు తీసిండ్రు. మొత్తం చెప్పేటోడు సిరాజ్ గొప్ప అంటడు. టెస్టుకు ఎన్ని అని భాగిస్తే సిరాజ్‌కు 4.6, బుమ్రాకు 4.7 దాకా వస్తది, ఇద్దరూ సమానమే. మరి తేడా ఏంది? సిరాజ్ 185 ఓవర్ల పైన వేసి, ఆఖరి రోజు ఓవల్‌ల గూడ అదే ఊపుతోని ఉరికిండు, 6 పరుగులతోని గెలిపించిండు. అంటే అక్కడ వాదించాల్సింది నైపుణ్యం మీద కాదు, ఐదు మ్యాచ్‌లకూ అందుబాటుల ఉండుడు అన్న గుణం విలువ ఎంత అన్న దాని మీద. ఇరవై ఓవర్ల ఆటల అయితే సగటు జోలికే పోకు. ఎన్ని బంతులు ఆడిండు, ఏ ఓవర్లల్ల ఆడిండు, ఏ గ్రౌండ్‌ల ఆడిండు అని చూడు. 2024ల సన్‌రైజర్స్ బెంగళూరుల 287 కొట్టింది, అదే జట్టు చెపాక్ ఫైనల్‌ల 113కు కుప్పకూలింది. 2023 నుంచి మ్యాచ్ నడుమ ఒకణ్ణి మార్చుకునే ఇంపాక్ట్ ప్లేయర్ నియమం వచ్చి ఒక బ్యాటర్ అదనంగ దిగుతున్నడు కాబట్టి, అంతకుముందు స్కోర్లతోని ఇప్పటి స్కోర్లను నేరుగ పోల్చుడు గూడ అన్యాయమే.

గాయాల ముచ్చట్ల మాత్రం జర నెమ్మదిగ మాట్లాడాలె. "పైసల కోసం ఐపీఎల్ ఆడ్తడు, దేశానికి వచ్చేసరికి నొప్పంటడు" అన్న మాట నోట్లకెళ్లి వచ్చే ముందు, ఆ గాయం కండరానిదా, నరానిదా, ఎముకదా తెలుసుకో. తొడ వెనక కండరం పట్టేస్తే మూడు అంచెలు చెప్తరు. మొదటి అంచె ఒకటి నుంచి మూడు వారాలు, రెండోది నెల నుంచి రెండు నెలలు, పూర్తిగ తెగితే మూడు నెలలు దాటొచ్చు. ఫాస్ట్ బౌలర్లకు వచ్చే సైడ్ స్ట్రెయిన్ అంటే పక్కటెముకలను పట్టుకొని ఉండే కండరం చిట్లుడు. కుడిచేతి బౌలర్‌కు ఎడమ పక్కన వస్తది, ఎందుకంటే ఎడమ చెయ్యి పైకి సాగి ఒక్కసారి కిందికి గుంజుకునేది అటే. నాలుగు నుంచి ఆరు వారాలు పడ్తది. మోకాల్ల లిగమెంటు తెగి ఆపరేషన్ అయితే తొమ్మిది నెలలకు తక్కువ మాట్లాడొద్దు. నడుం ఎముకల సన్న పగులు అన్నిటికంటే చెడ్డది. నొప్పి పోయినంత మాత్రాన ఎముక అతికినట్టు కాదు. బుమ్రా 2022ల ప్రపంచ కప్‌కు దూరమై, 2023 మార్చిల ఆపరేషన్ చేయించుకొని, ఆగస్టుల ఐర్లండ్‌ల మళ్ల బంతి పట్టిండు. 2025 జనవరిల సిడ్నీల మళ్ల నడుమే. ఇంగ్లండ్‌ల మూడు టెస్టులే ఆడ్తడని సిరీస్ మొదలు కాకముందే చెప్పిండ్రు. ఇంత చరిత్ర ఉన్నోణ్ణి "దొంగ నొప్పి" అనుడు నాకు మస్తు బాధ అనిపిస్తది. మీ గుంపుల ఆ మాట రానియ్యకు.

గాయపడ్డోని జాగల ఇంకొకణ్ణి తెచ్చే నియమాలు గూడ రెండు రకాలు, కలిపి మాట్లాడి తన్నుకుంటరు. సీజన్ మొత్తానికి దూరమైనోని బదులు తీసుకునేటోడు అదే రకం ఆటగాడు కావాల్సిన పని లేదు. 2025ల స్పిన్నర్ జంపా పోతే సన్‌రైజర్స్ బ్యాటర్ స్మరణ్‌ను తీసుకున్నది, అది నియమం ప్రకారమే. కొత్తోనికి ఇచ్చే ధర పాతోని ధరను దాటొద్దు, అంతే. తలకు దెబ్బ తగిలినప్పుడు మ్యాచ్ నడుమ దింపే కంకషన్ సబ్‌స్టిట్యూట్ మాత్రం సరిసమానమైనోడై ఉండాలె, తేల్చేది మ్యాచ్ రిఫరీ. 2025 జనవరి 31న పుణెల శివమ్ దూబే బదులు హర్షిత్ రాణా వచ్చి 3 వికెట్లు తీసిండు, ఇంగ్లండ్ కెప్టెన్ బట్లర్ బహిరంగంగనే తప్పుపట్టిండు. నా మట్టుకు నాకు ఆ మార్పు సరిసమానం అనిపించలేదు, మన జట్టే గెలిచినా సరే. మనకు లాభమైన నిర్ణయాన్ని గూడ తప్పనగలిగినోణ్ణే మిగతా వాదనలల్ల నమ్ముతరు.

ఇగ వార్తలు. చదివేటప్పుడు క్రియ దగ్గర ఆగు. "ప్రకటించింది" అంటే ఒకటి, "తెలిసింది", "సమాచారం", "వర్గాలు అంటున్నయి" అంటే ఇంకొకటి. మొదటిదే వాదనకు పనికొస్తది, తక్కినవి రెండు రోజులు పక్కన పెట్టు. జట్టు గాని, బోర్డు గాని పేరు పెట్టి చెప్పిందా చూడు. ఆటగాడు ప్రెస్ మీట్ల అన్న మాట అయితే అడిగిన ప్రశ్న ఏందో గూడ వెతుకు, సగం వీడియోలల్ల ప్రశ్న కోసేసి జవాబే పెడ్తరు. రాత్రి 11 దాటినంక అయిపోయే మ్యాచ్ వివరం మనకు వచ్చే జిల్లా ఎడిషన్ల పూర్తిగ ఉండదు, అచ్చు సమయం అడ్డం వస్తది. పొద్దుగాల పేపర్ పట్టుకొని "ఇండ్ల ఎందుకు రాయలేదు, దాచిండ్రు" అని లొల్లి పెట్టుకోకుర్రి.

దాచుడుకంటే పెద్ద లోపం వేరే ఉన్నది. మన దిక్కు పిల్లల గురించి పతకం వచ్చిన నాడే రాస్తరు, లేదంటే "నిరాశ" అని ఒక్క ముక్కల తేలుస్తరు. నిజామాబాద్ నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్. పారిస్‌ల రెండో బౌట్‌ల ఓడింది. ఆమెకు సీడింగ్, అంటే గట్టోళ్లు ముందుగాలనే ఎదురుపడకుండ ఇచ్చే ర్యాంకు, లేదు, ఎదురొచ్చిన చైనా బాక్సర్ వూ యూ టాప్ సీడ్, ఆఖరికి స్వర్ణం గూడ ఆమెదే. ఎవలకు ఎవలు ఎదురొస్తరో తేల్చే డ్రా తెలువకుండ ఆ ఓటమి మీద మాట్లాడుడు దండుగ. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 మేల జపాన్ కోబెల పారా పోటీలల్ల 400 మీటర్లు 55.07 సెకన్లల్ల ఉరికి తన విభాగంల ప్రపంచ రికార్డు పెట్టింది, సెప్టెంబరుల పారిస్ పారాలింపిక్స్‌ల 55.82తోని కాంస్యం తెచ్చింది. ముప్పావు సెకను ఎక్కడ పోయింది, మొదటి 200ల ఎక్కువ ఉరికిందా, ఆఖరి వంపుల తగ్గిందా అని మీరు ఆ రేస్ వీడియో పెట్టుకొని, 200 దగ్గర వాచీ ఆపి చూడుర్రి. ఐపీఎల్ మీద పెట్టే బుద్ధిల పావు వంతు దీని మీద పెట్టినా చాలు. ప్రతి ఆదివారం మొదటి పావుగంట మన జిల్లాల ఆటగాళ్లకు ఇయ్యి.

కూసునే పద్ధతి మీద ఎక్కువ రాయను. ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చేటోళ్లు అలిసిపోయి ఉంటరు, వాళ్లు చాయ్ తాగినంకనే మొదలు పెట్టు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొను. మ్యాచ్ కంటే ముందే ఎవలేమంటున్నరో తారీఖు వేసి రాయించు: ఏ పదకొండు మంది, ఎవలు ఎన్నో ఓవర్ వెయ్యాలె, ఎందుకు. అయిపోయినంక "నేను అప్పుడే చెప్పిన" అన్న మాటకు జాగ ఉండదు. అభిప్రాయం మార్చుకున్నోణ్ణి ఎగతాళి చేస్తే ఇంకోసారి ఎవడూ మార్చుకోడు, అందుకని పాత మాట కొట్టేసి కొత్తది రాసుకునే హక్కు అందరికీ ఉండనియ్యి.

రెండు విషయాలల్ల మాత్రం మొహమాటం వద్దు. పందెం పెట్టినోడు ఆ రోజు వాదనల కూసోవద్దు. వాడు చూసేది ఆటను కాదు, తన పైసలను. పైసలతోని ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లనే నిషేధించింది, ఆ యాప్‌ల పేర్లు గూడ మీ దగ్గర ఎత్తనియ్యకు. రెండోది, ఆటగాని మతం, కులం, ఇంటోళ్ల పేరు ఎత్తితే ఆ క్షణమే నోట్‌బుక్ మూసేయి. 2021 అక్టోబరుల పాకిస్తాన్ మీద పదకొండు మంది ఓడితే షమీ ఒక్కణ్ణి పట్టుకొని ఎంత నీచంగ తిట్టిండ్రో దేశమంత చూసింది. అసొంటి మాట మాట్లాడినోడు ఎంత దగ్గరి దోస్తైనా సరే, వచ్చే ఆదివారం పిలువకు.

మాట్లాడుకునుడు బంద్ చేసిన ఆ ఇద్దరిని మాత్రం వేరుగ ఒకనాడు పిలిచి, ఇద్దరి చేతుల షమీ మీద నేను రాసిన మూడు ప్రశ్నలు పెట్టి, ఎవల జవాబు వాళ్లను రాయమను. రెండిట్లనన్న ఇద్దరి జవాబు ఒక్కటే వస్తది, చూడు.

అమ్మను అడిగిన అని చెప్పు. బతుకమ్మకు అందరు రండ్రి.

నీ మేనమామ