చెక్కతో కీబోర్డు కేస్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 60 శాతం సైజు (నంబర్ ప్యాడ్, ఫంక్షన్ కీల వరుస లేని) మెకానికల్ కీబోర్డు కోసం సర్క్యూట్ బోర్డు, స్విచ్చులను పట్టి ఉంచే ఇత్తడి ప్లేటు, ఒక్కో కీ కింద ఒకటి చొప్పున అమర్చే ఎంఎక్స్ తరహా (చెర్రీ కంపెనీ నమూనా) స్విచ్చులు సమకూర్చుకున్నాను. ఒకే టేకు పలకను తొలిచి కేస్ చేయాలనుకుంటున్నాను. ముందుగా ఎండీఎఫ్‌తో (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలకతో) నమూనా చేస్తే, చుట్టూ 6 మిల్లీమీటర్ల గోడతో, బోర్డు అంచు గోడకు తాకీ తాకనట్టుగా చక్కగా కుదిరింది. అవే కొలతలను టేకు మీద గీసుకోవచ్చా?

జవాబు: లోతు, వాలు వరకు మీ నమూనాను నమ్మవచ్చు. ప్లేటు పైముఖం నుంచి బోర్డు పైముఖానికి 5 మిల్లీమీటర్లు, బోర్డు మందం 1.6, దాని కింద టంకం మొనలకు కనీసం 4 లెక్కవేసుకుంటే, ప్లేటు నుంచి గుంత అడుగుకు 10.6 మిల్లీమీటర్లు కావాలి. వాలు కూడా ఎండీఎఫ్ మీదే తేల్చుకోవడం మేలు. ముందునుంచి వెనకకు 110 మిల్లీమీటర్లుండే కేస్‌కు 6 డిగ్రీల వాలు ఇస్తే వెనక అంచు సుమారు 11.5 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. ఈ తేడా కాగితం మీద స్వల్పంగా కనిపించినా మణికట్టుకు బాగా తెలుస్తుంది కనుక, కొన్నాళ్లు ఆ నమూనాలోనే బోర్డు ఉంచి టైప్ చేసి చూడండి.

అయితే గోడ మందాన్ని, గోడకూ బోర్డుకూ మధ్య వదిలే సందును మాత్రం ఎండీఎఫ్ నుంచి తీసుకోకండి. ఎండీఎఫ్‌కు నార, అంటే పోగులు ఒకే దిశలో సాగే వరస, ఉండదు, టేకుకు ఉంటుంది. చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బినా, వదిలి కుదించుకుపోయినా, ఆ మార్పు దాదాపు అంతా నారకు అడ్డంగానే జరుగుతుంది, నార వెంబడి జరిగేది లెక్కలోకి రాదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి దిశలో సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డు దిశలో సుమారు 2.5 శాతం కుదించుకుపోతుంది. బాగా ఆరిన చెక్క కూడా తేమ 12 శాతం నుంచి 8 శాతానికి దిగితే, 110 మిల్లీమీటర్ల వెడల్పులో దాదాపు 0.8 మిల్లీమీటరు తగ్గగలదు. బోర్డు, ఇత్తడి ప్లేటు మాత్రం తేమకు అలా మారవు. అంటే ఈ రోజు తాకీ తాకనట్టున్న గోడ పొడి వాతావరణంలో బోర్డును నొక్కుతుంది, లేదా తానే చిట్లుతుంది.

కాబట్టి నార కేస్ పొడవు వెంబడి ఉండేలా పలకను ఎంచుకుని, ముందు, వెనక వైపుల ఒక్కో మిల్లీమీటరు, కుడి ఎడమలలో అర మిల్లీమీటరు సందు వదలండి. పలక కొసను తడిపి చూడండి: వలయాల గీతలు నిటారుగా నిలబడి ఉంటే ఆ పలక వెడల్పులో తక్కువ కదులుతుంది, విల్లులా అడ్డంగా పరుచుకుని ఉంటే రెట్టింపుకు పైగా కదులుతుంది. బోర్డును అన్ని స్క్రూలతోనూ అడుగుకు బిగించకండి. నడిమి వరుసలోని వాటికి మాత్రం చెక్కలో ఎం2 (2 మిల్లీమీటర్ల స్క్రూ పట్టే) ఇత్తడి మర గొట్టాలు దించి, వాటిలోకి స్క్రూలు బిగించి, మిగిలిన చోట్ల పలుచని రబ్బరు మీద ఆనించండి.

మీ నమూనా దాచిన మరో సంగతి పక్క గోడల బలం. నార పొడవు వెంబడి ఉన్నప్పుడు ముందు, వెనక గోడలలో అది గోడతో పాటే సాగుతుంది కనుక 6 మిల్లీమీటర్లు సరిపోవచ్చు. కుడి, ఎడమ గోడలలో అదే నార గోడ మందానికి అడ్డంగా పడి, పొట్టి ముక్కలుగా తెగిపోతుంది. అలాంటి 6 మిల్లీమీటర్ల గోడ కేస్ ఒక్కసారి చేజారితే బిస్కెట్‌లా విరుగుతుంది. ఆ రెండింటినీ 12 మిల్లీమీటర్లు ఉంచండి. చెక్క తొలిచే రౌటర్ యంత్రానికి 6 మిల్లీమీటర్ల బిట్ వాడితే గుంత మూలల్లో 3 మిల్లీమీటర్ల వంపు మిగిలి బోర్డు మూలలకు అడ్డుపడుతుంది. ఆ మూలలను ఉలితో పదునుగా కోస్తే పగులు అక్కడినుంచే మొదలవుతుంది. తొలవకముందే మూలల్లో గుండ్రని రంధ్రం కాస్త బయటికి జరిపి వేసుకుంటే ఈ రెండు చిక్కులూ ఉండవు.

తొలవడం కూడా ఒకే పూటలో ముగించకండి. చుట్టూ, అడుగున తుది కొలతకన్నా 2 మిల్లీమీటర్లు ఎక్కువ మిగిల్చి, నాలుగు వైపులా గాలి తగిలేలా వారం రోజులు పక్కన పెట్టండి. లోపలి చెక్క తీసేయగానే దానిలోని బిగువు సడలి అడుగు వంకరపోవచ్చు. ఆ వంకరను చిత్రిక పట్టి సరిచేశాకే తుది కొలతకు తీసుకురావాలి.

ప్రశ్న: ప్లేటు కూడా చెక్కతోనే చేయవచ్చా?

జవాబు: వద్దు. స్విచ్చు కొక్కేలు 1.5 మిల్లీమీటర్ల మందానికే పట్టుకుంటాయి. 14 మిల్లీమీటర్ల రంధ్రాలు 19.05 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున వస్తే మధ్యలో మిగిలేది 5 మిల్లీమీటర్ల బద్దె. అంత పలుచని చెక్కలో ఆ బద్దె మొదటి మీట పీకినప్పుడే ఊడివస్తుంది.

ప్రశ్న: యూఎస్‌బీ-సి రంధ్రం, పాలిష్ విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: కేబుల్ లోహపు మొన సుమారు 6.6 మిల్లీమీటర్లే ఉంటుంది కనుక, 6 మిల్లీమీటర్ల గోడలో మొనకు మాత్రమే సరిపడే కంత పెడితే అది లోపలికి పూర్తిగా దిగదు. ప్రమాణం ప్రకారం ప్లగ్ పిడి గరిష్ఠంగా 12.35 × 6.5 మిల్లీమీటర్లు, పిడి మొత్తం గోడలోకి దూరేలా 14 × 8 కంత పెట్టండి.

పాలిష్ లోపల, బయట, అడుగున సమంగా వేయాలి. లోపల వదిలేస్తే ఆ ముఖం తేమను త్వరగా పీల్చి కేస్ వంగుతుంది. అవిసె నూనె వంటి ఆరే నూనె వాడితే, తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పడేయకండి, అవి వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి. నూనె వాసన పూర్తిగా పోయేదాకా బోర్డును కేస్‌లో బిగించకండి.