టెక్ సందేహాలు: రక్తం చుక్క మీద కాంతి పడితే స్ట్రోక్ తేలిపోతుందా?

ప్రశ్న: చిప్ మీద రక్తం చుక్క వేసి లేజర్ కాంతి పంపితే నిమిషాల్లో స్ట్రోక్ అవునో కాదో చెప్పే పరికరం గురించి ఓ వీడియోలో చూశాను. మా నాన్నగారికి ఇంతకుముందు ఒకసారి స్ట్రోక్ వచ్చింది. ఒకటి కొని ఇంట్లో పెట్టుకోవచ్చా?

కొనకండి. ఎవరైనా అమ్ముతున్నా కొనకండి. పరిశోధన నిజమే, మంచి మంచి ల్యాబుల్లోనే జరుగుతోంది, కానీ స్కాన్‌ని పక్కనపెట్టి దీని మాటే వినొచ్చు అనేంత నమ్మకమైనది ఇంట్లో వాడటానికి లేదు. రేపు వచ్చినా ముందు చేరేది అంబులెన్సులోకి, ఎమర్జెన్సీ వార్డులోకి. మీ ఇంట్లో బీపీ మిషన్ పక్కకి రావడానికి చాలా టైమ్ ఉంది.

ఎందుకంటే స్ట్రోక్ అని తెలిస్తే సరిపోదు, ఏ రకమో తెలియాలి. మెదడుకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఒక రకం, నాళం చిట్లి లోపల రక్తం కారితే ఇంకో రకం. మొదటిదే ఎక్కువ, సుమారు 85 శాతం. బయటికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి: మూతి వంకర పోతుంది, చెయ్యి పడిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు పడాలి, అదే ఇంజెక్షన్ రక్తం కారుతున్న మనిషికి పడితే ప్రాణం మీదికొస్తుంది, అందుకే ముందు సీటీ స్కాన్ తీసి గానీ డాక్టర్లు సూది పట్టుకోరు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడులోని నాడీకణాలు, చనిపోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే న్యూరాలజిస్టు లెక్క కట్టారు. ఈ తొందర భరించలేకే జర్మనీలో 2008లో సీటీ మిషన్‌ని ఏకంగా అంబులెన్సులో ఎక్కించి పేషెంట్ దగ్గరికే పంపడం మొదలుపెట్టారు. అలాంటి బండి ప్రతి చోటా పెట్టడం ఎవరి తరమూ కాదు కాబట్టే అరచేతిలో పట్టే సెన్సర్ కోసం ఇంత ఆరాటం.

గుండెపోటుని పట్టడానికి రక్తంలో ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ని చూసే పరీక్ష ఉంది కదా, మెదడుకి అలాంటిది లేదా అంటారా? కాస్త దగ్గరకొచ్చింది జీఎఫ్ఏపీ అనే ప్రోటీన్. మెదడులో న్యూరాన్లకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్ కణాల్లో ఇది ఉంటుంది. నాళం చిట్లితే ఆ కణాలు అక్కడికక్కడే దెబ్బతిని ప్రోటీన్ త్వరగా రక్తంలోకి వచ్చేస్తుంది. గడ్డ అడ్డుపడినప్పుడు కణాలు మెల్లగా చనిపోతాయి, ప్రోటీన్ బయటపడటానికి చాలా గంటలు పడుతుంది. అంటే మొదటి కొన్ని గంటల్లో ఇది బాగా ఎక్కువగా కనిపిస్తే రక్తస్రావమేమో అని అనుమానించొచ్చు. ఆలోచన చాలా బాగుంది, నాకు నచ్చింది కూడా. కాకపోతే చిన్న రక్తస్రావాల్లో అంతగా పెరగకపోవచ్చు, తలకి దెబ్బ తగిలినా పెరుగుతుంది, ఇక స్ట్రోక్ వచ్చి కిందపడి తలకి దెబ్బ తగిలించుకున్న మనిషి సంగతి మీరే ఊహించుకోండి. ఇదే ప్రోటీన్‌ని ఇంకోదానితో కలిపి కొలిచే పరీక్షకి అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అనుమతి ఇచ్చింది, అది తల దెబ్బల కోసం. దాన్ని స్ట్రోక్ పరీక్షగా చూపించే వీడియో ఎదురైతే అక్కడే ఆపేయండి.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే అది మాత్రం పనికొస్తుంది. షుగర్ బాగా పడిపోయినా మనిషి అచ్చం స్ట్రోక్ వచ్చినట్టే కనిపిస్తాడు. అయితే ముందు అంబులెన్సుకి ఫోన్, ఆ తర్వాతే వేలికి సూది.

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ విద్యార్థిని. ఆప్టికల్ బయోసెన్సర్ మీద ప్రాజెక్టు చేస్తున్నాం. ప్రోటీన్‌ని కాంతి ఎలా గుర్తుపడుతుంది? పేపర్లన్నిటిలో అద్భుతంగా పనిచేసేది ఆసుపత్రి మంచం దగ్గరికి ఎందుకు రావట్లేదు?

కాంతికి ప్రోటీన్ ఏదో తెలియదమ్మా. గుర్తుపట్టేది యాంటీబాడీ, అంటే కావాల్సిన ప్రోటీన్‌నే ఎంచి పట్టుకునే అణువు. కాంతి ఆ కబురు మోసుకొస్తుందంతే. బాగా వాడుకలో ఉన్న సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్ (ఎస్పీఆర్) పద్ధతే తీసుకోండి. గాజు మీద దాదాపు 50 నానోమీటర్ల మందాన బంగారు పొర వేస్తారు. గాజు వైపు నుంచి కాంతి పంపితే ఒకానొక కోణంలో దాని శక్తిని బంగారంలోని ఎలక్ట్రాన్లు తాగేస్తాయి, తిరిగొచ్చే కాంతి ఆ కోణం దగ్గర మసకబారుతుంది. పొర రెండోవైపు యాంటీబాడీలు అతికించి ఉంటాయి, వాటికి ప్రోటీన్ వచ్చి తగులుకోగానే అక్కడి వక్రీభవన గుణకం (కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె) పిసరంత మారి ఆ మసక కోణం పక్కకి జరుగుతుంది. కొలిచేది ఆ జరుగుడునే. దీన్ని బయోసెన్సింగ్‌కి వాడొచ్చని 1983లో స్వీడన్ పరిశోధకులు చూపించారు, 1990లో మార్కెట్లోకి మిషన్ వచ్చింది. కాబట్టి ఇది నిన్నా మొన్నటి టెక్నాలజీ కాదు. అదే మీ రెండో ప్రశ్నని ఇంకా ఆసక్తిగా చేస్తోంది.

పేపర్లలో తరచుగా కొలిచేది బఫర్ అనే శుభ్రమైన ల్యాబు ద్రావణంలో కలిపిన శుద్ధమైన ప్రోటీన్‌ని. అసలు రక్తంలో మీకు కావాల్సింది మిల్లీలీటరుకి పికోగ్రాముల్లో (గ్రాములో లక్ష కోట్ల వంతు) ఉంటే, అక్కర్లేని ప్రోటీన్లు మిల్లీలీటరుకి 60-80 మిల్లీగ్రాములు ఉంటాయి. కోట్ల రెట్లు! కుంభమేళాలో తప్పిపోయిన ఒక్క మనిషిని వెతికినట్టు. ఆ గుంపులో కొన్ని వచ్చి బంగారం మీద ఊరికే అతుక్కుంటాయి, సెన్సర్ వాటినీ లెక్కలో వేసేస్తుంది. ఎర్ర రక్తకణాలు కాంతిని చెదరగొడతాయి కాబట్టి కణాలు తీసేసి ప్లాస్మా అనే ద్రవాన్ని వేరు చేయాలి. ల్యాబులో సెంట్రిఫ్యూజ్ ఉంటుంది, మంచం పక్కన చిప్‌లోనే వడపోత పెట్టాలి.

ఇంకోటి, చాలామంది ప్రాజెక్టు రిపోర్టుల్లో పట్టించుకోనిది: టెంపరేచర్. నీటి వక్రీభవన గుణకం ఒక్క డిగ్రీ తేడాకే దాదాపు 0.0001 మారుతుంది. మంచి ఎస్పీఆర్ మిషన్ పట్టుకోగలిగే మార్పు దానికంటే వంద రెట్లు చిన్నది. అంటే అంబులెన్సు తలుపు తెరిచినప్పుడు వచ్చే గాలికే రీడింగ్ కదులుతుంది. అందుకే యాంటీబాడీ లేని రిఫరెన్స్ ఛానెల్ పక్కనే పెట్టి తేడా తీసుకోవాలి. మీ డిజైన్‌లో అది లేకపోతే ఇవాళే పెట్టండి. పికోగ్రాముల స్థాయికి నేరుగా చూసే ఎస్పీఆర్ కంటే, ప్రోటీన్‌ని రెండు యాంటీబాడీల మధ్య ఇరికించి, రెండోదానికి ఫ్లోరోసెంట్ రంగు తగిలించి మెరుపుని కొలిచే శాండ్‌విచ్ పద్ధతే తేలికగా అందుతుందని నా అభిప్రాయం. వైవాలో కొత్తదనం ఏదని నిలదీస్తారు, అది మీరే చూసుకోవాలి.

ప్రశ్న: నా స్మార్ట్‌వాచ్ వెనక పచ్చ లైటు వెలుగుతుంది. అది స్ట్రోక్‌ని పట్టేస్తుందా?

పట్టదు. ఆ పచ్చ కాంతి మణికట్టులో రక్తం పొంగడాన్ని చూసి గుండె లయని లెక్కిస్తుంది. లయ తప్పితే, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె జబ్బు ఉందేమో అనిపిస్తే కొన్ని వాచీలు హెచ్చరిస్తాయి. ఆ జబ్బు స్ట్రోక్ ముప్పుని దాదాపు ఐదు రెట్లు పెంచుతుంది కాబట్టి ఆ హెచ్చరికని తేలిగ్గా తీసుకోకండి, అలాగని టెన్షన్ పడిపోకండి కూడా. 2019లో వెలువడిన ఆపిల్ హార్ట్ స్టడీలో 4 లక్షల 19 వేల మందికి పైగా పాల్గొంటే హెచ్చరిక వచ్చింది 0.52 శాతానికే, వాళ్లలో తర్వాత ఛాతీకి అతికించే ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని తిప్పి పంపినవాళ్లలో 34 శాతం మందికి జబ్బు కనిపించింది. ఈ లయ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి మిగతావాళ్లకి అసలు లేదనీ చెప్పలేం. హెచ్చరిక వస్తే ఈసీజీ తీయించుకోండి.

ప్రశ్న: నుదుటి మీద పెట్టి స్కాన్ చేసే ఇన్‌ఫ్రారెడ్ పరికరం ఉందంటున్నారు, నిజమేనా?

ఉంది. 2011లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. పుర్రె కింద రక్తం చేరిన చోట నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఎక్కువగా ఇంకిపోతుంది, కుడి ఎడమలు పోల్చి తేడా చెబుతుంది. మెదడు పైభాగం నుంచి రెండున్నర సెంటీమీటర్ల లోతు వరకే దాని చూపు. స్ట్రోక్‌లో రక్తం చాలాసార్లు అంతకంటే లోపల కారుతుంది, కాబట్టి ఇది ముఖ్యంగా తల దెబ్బలకే.

ప్రశ్న: సరే, ఇవేవీ ఇంట్లో పనికిరావంటే ఫోన్లో ఏం చేసి పెట్టుకోవాలి?

ఐఫోన్ అయితే హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ, ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ నింపండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే వాటి పేర్లు తప్పకుండా రాయండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది వాటి మీద కూడా ఆధారపడుతుంది. లాక్ స్క్రీన్ మీద కనిపించేలా పెట్టడం మర్చిపోవద్దు. స్ట్రోక్ అనిపిస్తే స్కాన్ అయ్యేదాకా ఆస్పిరిన్ వేయకండి. ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు అని. నాలుగున్నర గంటలు లెక్కపెట్టేది అక్కడినుంచే. ఒంటరిగా ఉన్నప్పుడు పడిపోతే అది ఎవరికీ తెలియదు, అప్పుడు వాళ్ల ఫోన్ తీసి చివరిగా ఎవరితో మాట్లాడారో, వాట్సాప్‌లో చివరి మెసేజ్ ఎన్నింటికి పెట్టారో చూసి, ఆ అవతలి మనిషికి ఫోన్ చేసి మాట స్పష్టంగానే ఉందా అని అడిగి, ఆ టైమ్ డాక్టరుకి చెప్పండి.