పాత టేకు దూలాలా, కొత్త కలపా?

తాతగారి ఇల్లు పడగొడితే వచ్చిన టేకు దూలాలతో తలుపులు చేయించాలా, అడితిలో కొత్త కలప కొనాలా, దేనివల్ల గాల్లోకి పోయే కార్బన్ తక్కువ అని అడిగారు కదా, కళ్లు మూసుకుని పాతదే వాడండి. కొత్త కలపని బట్టీలో ఆరబెట్టడానికే బోలెడు ఇంధనం పోతుంది, దిగుమతి టేకు అయితే ఆఫ్రికా నుంచో లాటిన్ అమెరికా నుంచో ఓడెక్కి రావాలి. మీవి ఏళ్ల తరబడి ఆరినవి, మేకులు పీకి, కోయించి, చిత్రిక పట్టిస్తే చాలు. ఒక్క మేకు మిగిలినా రంపం పళ్లు పోతాయి, మిల్లు వాళ్లు ఊరుకోరు, ముందే అయస్కాంతం తిప్పి చూడండి. చెద తిన్న ముక్కలు తీసేయండి.

ఎండు కలప బరువులో దాదాపు సగం కార్బనే, అంటే కిలో కలప కాల్చేస్తే ఆ కార్బన్ గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోతుంది, తలుపుగా ఉన్నన్నాళ్లూ ఆ కార్బన్ అందులోనే ఉంటుంది. పాత చెక్కని ముక్కలు చేసి జిగురుతో అతికించి నొక్కే రీసైకిల్డ్ పార్టికల్ బోర్డు సంగతి వేరు, ఆ జిగురుకి, వేడి ప్రెస్సులకి అయ్యే కార్బన్ కూడా లెక్కలో కలపాలి.