ఏడాది మధ్యలో దేశం మారితే పన్ను ఎక్కడ కట్టాలి?

జూలైలో ఉద్యోగం కోసం వేరే దేశం వెళ్లారు, ఆ తర్వాతి జీతంపై పాత దేశానికీ పన్ను కట్టాలా అని అడిగారు. ఆ ఏడాదికి మిమ్మల్ని పాత దేశం పన్ను నివాసిగా, అంటే పన్ను కోసం తన దేశంలో నివసించే మనిషిగా, లెక్కిస్తుందా లేదా అన్నదే అసలు విషయం. పౌరసత్వంతో సాధారణంగా పని లేదు. అమెరికా మాత్రం తన పౌరులు ఎక్కడ సంపాదించినా లెక్క అడుగుతుంది.

ఏడాదిలో 183 రోజులకంటే తక్కువ ఉంటే ఆ దేశ నివాసి కాబోమన్న లెక్క చూసుకుని చాలామంది నిశ్చింతగా ఉంటారు. దయచేసి అలా చేయకండి. పాత ఇల్లు ఉంచుకున్నా, కుటుంబం అక్కడే ఉన్నా, కొన్ని దేశాలు అంతకంటే తక్కువ రోజులకే నివాసిగా పరిగణిస్తాయి. రోజులు లెక్కించే తీరు కూడా వేరు. బ్రిటన్ సాధారణంగా అర్ధరాత్రికి మీరు అక్కడ ఉన్నారా అని చూస్తుంది. అమెరికాలో మామూలుగా కొన్ని గంటలు గడిపినా ఒక రోజు కిందే లెక్క. అందుకే బోర్డింగ్ పాసులు దాచుకోండి.

షరతులు సరిపోతే బ్రిటన్ ఏడాదిని రెండు భాగాలు చేసి, ఒక భాగంలోనే మిమ్మల్ని నివాసిగా చూస్తుంది. ఆ వీలు లేనిచోట రెండు దేశాలూ మిమ్మల్ని తమ నివాసి అనవచ్చు. అప్పుడు వాటి మధ్య ద్వంద్వ పన్ను ఒప్పందం (ఒకే ఆదాయంపై రెండుసార్లు పన్ను పడకుండా చేసుకునేది) ఉంటే, మీరు ఎక్కడి నివాసో అది తేలుస్తుంది. ఇలాంటి ఒప్పందాలకు ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన నమూనాలో ముందు శాశ్వత నివాసం ఎక్కడో చూస్తారు, తర్వాత కుటుంబ, ఆర్థిక బంధాలు, ఆపైన ఎక్కువగా ఉండే చోటు, ఆ తర్వాతే పౌరసత్వం.

బోనస్ దగ్గర జాగ్రత్త. మార్చిలో చేసిన పనికి డబ్బు అక్టోబరులో కొత్త ఖాతాలో పడినా, పని జరిగిన దేశం దానిపై పన్ను అడగవచ్చు. అక్కడ కట్టిన రసీదు ఉంటే సాధారణంగా కొత్త దేశంలో ఆ మేరకు తగ్గింపు కోరవచ్చు.