టెక్ సందేహాలు: ప్రిన్స్ ఆఫ్ పర్షియా కొత్త గేమ్‌కి వచ్చిన మార్కుల్లో నిజమెంత?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది లాస్ట్ క్రౌన్’ గురించే. 2024 జనవరిలో కంప్యూటర్లకు, గేమింగ్ కన్సోళ్లకు వచ్చిన ఈ గేమ్ 2025 ఏప్రిల్‌లో ఫోన్లలోకీ దిగింది. దాంతో ఇదివరకు దాన్ని పట్టించుకోనివాళ్లు కూడా ఇప్పుడు అడుగుతున్నారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చేసారికి వాయిదా వేసి, ఈ ఒక్క గేమ్ చుట్టూ తిరిగే సందేహాలు తీసుకుంటున్నాను.

సర్, ఈ గేమ్‌కి రివ్యూల్లో పదికి తొమ్మిది మార్కులు కనిపిస్తున్నాయి. కానీ మొదటి ట్రైలర్ కింద కామెంట్లు చూస్తే అందరూ తిట్టిపోశారు. ఎవరి మాట నమ్మాలి? (డిగ్రీ విద్యార్థి, ఖమ్మం)

ఆ తిట్లూ నిజమే, ఈ మార్కులూ నిజమే. తిట్టినవాళ్లు చూసింది ట్రైలర్‌ని, మార్కులు వేసినవాళ్లు ఆడింది గేమ్‌ని.

2023 జూన్‌లో సమ్మర్ గేమ్ ఫెస్ట్ వేదిక మీద తయారీ కంపెనీ యూబిసాఫ్ట్ దీన్ని ప్రకటించినప్పుడు పాత అభిమానులు చాలామంది పెదవి విరిచారు. 2010లో ‘ఫర్గాటెన్ శాండ్స్’ వచ్చాక ఈ సిరీస్‌లో పెద్ద గేమ్ అంటూ రాలేదు. 2003 నాటి ‘శాండ్స్ ఆఫ్ టైమ్’ లాంటి 3డీ గేమ్ వస్తుందని ఆశపడ్డవాళ్లకు పక్క నుంచి చూసే 2డీ పరుగు, ముదురు కార్టూన్ రంగులు, వెనక ర్యాప్ పాట కనిపించాయి. పైగా హీరో యువరాజు కాదు. యువరాజు ఘసాన్‌ను ఎత్తుకుపోతే వెతుక్కుంటూ కాఫ్ పర్వతానికి వెళ్లే సార్గాన్ అనే యోధుడు. పేరులోనే ప్రిన్స్ ఉన్న గేమ్‌లో ప్రిన్స్‌గా ఆడలేకపోతే కోపం రాదా అంటే, వస్తుంది. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను.

విడుదలకు ముందు జనవరి 11న ఉచిత డెమో ఇచ్చారు. వారం తిరిగేసరికి జనవరి 18న పూర్తి గేమ్ వచ్చింది. చేత్తో ఆడి చూసినవాళ్ల మాట పూర్తిగా వేరుగా ఉంది. రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో ఆ సగటు వందకు 85 పైనే నిలబడింది. విమర్శకులు ముఖ్యంగా మెచ్చుకున్నది కదలికల్ని. గోడ మీద పరుగెత్తి, అవతలి గోడకు దూకి, గాల్లోనే ఇంకోసారి దూసుకెళ్లి, ముళ్ల మీద పడకుండా స్తంభాన్ని అందుకోవాలి. రెండు మూడు సెకన్లలో ఇన్ని పనులు చేసినా, మీ వేలు నొక్కినదానికీ సార్గాన్ కదిలినదానికీ మధ్య తేడా తెలియదు. కిందపడితే అది మన పొరపాటే అని మనకే తెలుస్తుంది. ఇలా దూకుతూ, ఎక్కుతూ సాగే ప్లాట్‌ఫార్మర్ గేమ్‌కి ప్రాణం ఇదే. రేమన్ గేములు తీసిన మాంట్‌పెలియర్ స్టూడియో చేతిలో పడటం ఈ సిరీస్ అదృష్టం.

పోరాటమూ అంతే పద్ధతిగా ఉంటుంది. శత్రువు దెబ్బ పసుపు రంగులో మెరిస్తే సరిగ్గా ఆ క్షణంలో కాచుకోవాలి. కాచుకుంటే ఒక్క ఎదురుదెబ్బతో వాడి కథ తేలిపోతుంది. ఎర్రగా మెరిస్తే కాచుకోవడం కుదరదు, తప్పుకోవాల్సిందే. ఈ రెండు రంగులు వంటబట్టేదాకా చిన్న సైనికులే చుక్కలు చూపిస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మ్యాప్. ఇలాంటి గేముల్లో దారి మధ్యలో ఇంకా తెరుచుకోని తలుపు ఒకటి కనిపిస్తుంది. పది గంటల తర్వాత దాన్ని తెరిచే శక్తి చేతికొస్తుంది. ఈలోపు ఆ తలుపు ఎక్కడుందో మర్చిపోయి తల పట్టుకుంటాం. ఇక్కడ ఒక్క బటన్ నొక్కితే కళ్లముందున్న దృశ్యం ఫొటోగా మారి మ్యాప్‌లో ఆ చోటే అతుక్కుంటుంది. తర్వాత మ్యాప్ తెరిచి ఫొటో చూస్తే చాలు, ఎందుకు ఆగామో గుర్తొస్తుంది. ఇంత సులువైన ఏర్పాటు ఇన్నేళ్లుగా మిగతావాళ్లకు ఎందుకు తట్టలేదా అని చాలామంది రివ్యూల్లో రాశారు. నాదీ అదే ప్రశ్న.

మెచ్చుకున్నవాళ్లే ఎత్తిచూపిన లోపాలూ ఉన్నాయి. కథ కాలచక్రంలో మెలికలు తిరిగి సగం దాటాక అయోమయంగా తయారవుతుంది. ఒక చోటి నుంచి మరో చోటికి ఎగిరి వెళ్లే మజిలీలు తక్కువ కావడంతో నడిచిన దారినే మళ్లీ మళ్లీ నడవాలి. మొదటి రోజుల్లో కొన్ని బగ్స్ ఇబ్బంది పెట్టాయి, తర్వాతి అప్‌డేట్లలో చాలావరకు సర్దారు. కథ కోసమే గేమ్ ఆడే అలవాటుంటే మీకు ఇది తొమ్మిది మార్కుల గేమ్ కాకపోవచ్చు. వేళ్లకు పని కావాలనుకుంటే కళ్లు మూసుకుని కొనుక్కోండి.

ఒకే గేమ్‌కి మెటాక్రిటిక్‌లో ఒక మార్కు, ఓపెన్‌క్రిటిక్‌లో ఒకటి, స్టీమ్‌లో ఇంకోటి ఉంటున్నాయి. ఎందుకలా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

లెక్క కట్టే పద్ధతులు వేరు కాబట్టి. మెటాక్రిటిక్ కొన్ని పత్రికలకు, వెబ్‌సైట్లకు ఎక్కువ విలువ ఇచ్చి సగటు తీస్తుంది. ఎవరికెంత విలువో బయటపెట్టదు. పైగా పీసీకి, ప్లేస్టేషన్‌కి, స్విచ్‌కి వేర్వేరు మార్కులు చూపిస్తుంది. మీరు ఆడబోయే మెషిన్‌కి చెందిన మార్కే చూడండి. ఓపెన్‌క్రిటిక్ అలాంటి తూకాలు లేకుండా మామూలు సగటు తీస్తుంది. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కనిపించే శాతం అసలు మార్కే కాదు. వందమంది రివ్యూ రాస్తే ఎంతమంది ‘బాగుంది’ అన్నారో అది చెబుతుంది. అందరూ ‘పర్వాలేదు, బాగానే ఉంది’ అన్న గేమ్‌కి కూడా అక్కడ 95 శాతం రావచ్చు.

మెటాక్రిటిక్‌లో జనం వేసే మార్కులతో మాత్రం జాగ్రత్త. గేమ్ కొన్నారో లేదో అక్కడ ఎవరూ అడగరు. 2020లో ఒక పెద్ద గేమ్ విడుదలైన గంటల్లోనే వేలమంది సున్నాలు కుమ్మరించడంతో, విడుదలయ్యాక 36 గంటల దాకా యూజర్ రివ్యూలు రాయకుండా గడువు పెట్టారు. స్టీమ్‌లో రివ్యూ రాయాలంటే గేమ్ మీ ఖాతాలో ఉండాలి, రాసినప్పటికి ఎన్ని గంటలు ఆడారో కూడా పక్కనే కనిపిస్తుంది. నా అలవాటు చెబుతాను. పది గంటలు పైన ఆడి కూడా ‘బాగాలేదు’ అన్నవాళ్ల రివ్యూలు ముందు చదువుతాను. వాళ్లు చెప్పే లోపం నన్ను ఇబ్బంది పెట్టేది కాదనిపిస్తే కొనేస్తాను. మార్కు చూడటం కన్నా ఇది చాలా మేలు.

నా దగ్గర పాత డెస్క్‌టాప్ ఉంది. 8 జీబీ ర్యామ్, నాలుగో తరం ఐ5, జీటీఎక్స్ 950 కార్డు. లాస్ట్ క్రౌన్ ఆడగలనా? (వరంగల్)

ఆడగలరు. కంపెనీ చెప్పిన కనీస అవసరాలు దాదాపు మీ మెషిన్‌ని చూసి రాసినట్టే ఉన్నాయి: ఐ5-4460 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 2 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 950, డిస్క్‌లో 30 జీబీ ఖాళీ. ర్యామ్ ఒకే స్టిక్‌గా కాకుండా రెండు 4 జీబీ స్టిక్‌లుగా ఉంటే ఇంకా మంచిది. స్టీమ్‌లో 2024 ఆగస్టు నుంచి దొరుకుతోంది. అక్కడ కొన్నా యూబిసాఫ్ట్ ఖాతా కూడా తెరవాల్సి ఉంటుంది. అనుమానంగా ఉంటే కొన్న వెంటనే గంటసేపు ఆడి చూడండి. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా అడిగితే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. తొందర లేకపోతే పండగ సేల్ వచ్చేదాకా ఆగండి, ధర బాగా తగ్గుతుంది.

మా బాబుకి తొమ్మిదేళ్లు. స్విచ్ కొన్నాం. వాడికి ఈ గేమ్ ఇప్పించొచ్చా? చాలా కష్టమని విన్నాను. (ఒక తల్లి, డల్లాస్)

మీ బాబుకి ఇంకో నాలుగేళ్లు ఆగండమ్మా. అమెరికాలో దీనికి టీన్ (13 ఏళ్లు, ఆపైవాళ్లకు) రేటింగ్ ఉంది, కత్తిపోట్లు, రక్తం కనిపిస్తాయి. స్విచ్‌లో గేమ్ నడవడం మాత్రం చాలా బాగా నడుస్తుంది, సెకనుకు 60 ఫ్రేములతో ఎక్కడా తడబడదు.

కష్టం సంగతికొస్తే, ఈ విషయంలో ఈ గేమ్‌ని మనసారా మెచ్చుకోవాలి. శత్రువు దెబ్బ ఎంత గట్టిగా తగలాలి, కాచుకోవడానికి ఎంత సమయం ఉండాలి అన్నవి విడివిడిగా మార్చుకోవచ్చు. దూకుళ్లు మరీ కష్టమైన చోట ఒక ద్వారం తెరుచుకుని దాటించేసే ఏర్పాటు ఉంది. చూపు సరిగా ఆననివాళ్ల కోసం మనుషులు, శత్రువులు వేర్వేరు రంగుల్లో స్పష్టంగా కనిపించే సెట్టింగ్ ఉంది. 2024 గేమ్ అవార్డ్స్‌లో యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లూ ఆడగలిగే సదుపాయాల) విభాగంలో బహుమతి వచ్చింది ఇందుకే. ఇలాంటి సదుపాయాలుంటే గేమ్ మజా పోతుందనే వాదన నాకు ఎప్పుడూ నచ్చదు. వాడుకోవాలో వద్దో ఆడేవాళ్ల ఇష్టం.

తొమ్మిదేళ్ల బాబుకి ఇప్పుడు ‘సూపర్ మారియో బ్రదర్స్ వండర్’ కొనివ్వండి. 2023 అక్టోబర్‌లో వచ్చింది, అదీ పాత మారియోకి వారసురాలే, విమర్శకులు దానికి ఇంకా ఎక్కువ మార్కులు వేశారు. అందులో యోషి, నాబిట్ పాత్రలకు శత్రువులు తగిలినా దెబ్బ ఉండదు. మీరూ పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి ఆడుకోవచ్చు.

ఫోన్‌లో బటన్లు లేకుండా ఇది ఆడటం సాధ్యమేనా? (విజయవాడ)

మొదట్లో కొంత ఉచితంగా ఆడనిస్తున్నారు కాబట్టి మీ ఫోన్‌లో ఎలా ఉందో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. టచ్ బటన్లను మీ వేళ్లకు అందేట్టు జరుపుకోవచ్చు. దెబ్బలు వాటంతటవే కాచుకునే సెట్టింగ్ కూడా పెట్టారు. అయినా గోడలెక్కే భాగాల్లో అద్దం మీద బొటనవేలు జారుతుంది. బ్లూటూత్ కంట్రోలర్ ఉంటే అదే వాడండి.

ఇంత బాగుందంటున్నారు కదా, దీనికి రెండో భాగం వస్తుందా? పుణెలో తయారైన ‘శాండ్స్ ఆఫ్ టైమ్’ రీమేక్ ఏమైంది? (ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ)

రెండు ప్రశ్నలకూ నా దగ్గర మంచి కబురు లేదు. లాస్ట్ క్రౌన్‌కి 2024 సెప్టెంబర్‌లో ‘మాస్క్ ఆఫ్ డార్క్‌నెస్’ అనే అదనపు కథ వచ్చింది. మరుసటి నెలలోనే ఆ గేమ్ చేసిన బృందాన్ని విడదీసి వేరే ప్రాజెక్టులకు పంపారన్న సంగతి బయటపడింది, కంపెనీ కూడా అవునంది. అమ్మకాలు ఆశించినంత లేకపోవడమే కారణంగా చెబుతారు. రివ్యూల్లో మంచి మార్కులు రావడం వేరు, జనం డబ్బు పెట్టి కొనడం వేరు. ఇంత బాగా పనిచేసిన బృందం ఒక్కచోట ఉండి ఇంకో గేమ్ తీసే వీలు లేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది.

రీమేక్ కథ మనకు మరింత దగ్గరిది. 2020 సెప్టెంబర్‌లో యూబిసాఫ్ట్ పుణె, ముంబై స్టూడియోలు దాన్ని ప్రకటించాయి. మన దేశంలో అంత పేరున్న గేమ్‌కి సారథ్యం వహించడం చిన్న విషయం కాదు. ట్రైలర్‌లో గ్రాఫిక్స్ పాతకాలం నాటివిలా ఉన్నాయని విమర్శలు వెల్లువెత్తాయి. వాయిదాల మీద వాయిదాలు పడి, 2022 మేలో పని కెనడాలోని మాంట్రియల్ స్టూడియో చేతికి వెళ్లింది. 2026 జనవరిలో ఆ గేమ్‌ని రద్దు చేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. ట్రైలర్ మీద వచ్చిన విమర్శల్లో గ్రాఫిక్స్ గురించి అన్నవి సబబే. ‘ఇండియావాళ్లకు గేములు చేయడం రాదు’ అని రాసినవాళ్లు మాత్రం అన్యాయం చేశారు. ఎంత సమయం, ఎంత డబ్బు ఇచ్చారో తెలియకుండా ఆ మాట అనకూడదు.

కంప్యూటర్ కోర్సు నేర్చుకునే రోజుల్లో ఆడిన మొదటి ప్రిన్స్ గేమ్ ఫైళ్లు నా దగ్గర ఇంకా ఉన్నాయి. విండోస్ 11లో డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోవడం లేదు. (విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ)

మాస్టారూ, మీ ఫైళ్లలో లోపం లేదు. అది విండోస్‌కు ముందు వాడిన డాస్ కాలం నాటి 16 బిట్ ప్రోగ్రామ్. 64 బిట్ విండోస్ అలాంటివాటిని నేరుగా నడపలేదు. డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. గేమ్ ఉన్న ఫోల్డర్‌ని పట్టుకుని డాస్‌బాక్స్ ఐకాన్ మీద వదిలితే ఆ ఫోల్డరే సి డ్రైవ్‌గా తెరుచుకుంటుంది. అక్కడ ప్రిన్స్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. మరీ వేగంగానో నెమ్మదిగానో నడుస్తుంటే కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కితే వేగం తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది.

ఆ గేమ్ జోర్డాన్ మెక్నర్ అనే యువకుడు యాపిల్ 2 కంప్యూటర్ మీద దాదాపు ఒంటిచేత్తో తీసింది, 1989లో వచ్చింది. తమ్ముడు డేవిడ్‌ని పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఒక్కో ఫ్రేమ్ చూసి బొమ్మ గీశాడు. ఆ పరుగు ఇప్పటికీ అంత సహజంగా ఉండటానికి అదే కారణం. అద్దంలోంచి బయటికొచ్చే నీడ మనిషి గుర్తున్నాడా? కొత్త శత్రువు బొమ్మకి కంప్యూటర్‌లో మెమరీ మిగలక, హీరో బొమ్మనే మార్చి అలా వాడుకున్నాడు. లాస్ట్ క్రౌన్‌లో సార్గాన్ తన నీడను ఒక చోట వదిలి, అవసరమైనప్పుడు మళ్లీ ఆ చోటికే క్షణంలో చేరుకుంటాడు. ఆ శక్తి దొరికిన చోట నాకు వెంటనే ఆ పాత నీడే గుర్తొచ్చింది.

ఆటలో ప్రాణాలు చాలక ఇప్పుడు ఇబ్బంది పడుతుంటే, ప్రిన్స్ అన్న మాట పక్కన ఒక ఖాళీ వదిలి మెగాహిట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి గేమ్ మొదలుపెట్టండి. షిఫ్ట్‌తో టీ నొక్కిన ప్రతిసారీ ప్రాణాల గుర్తు ఒకటి పెరుగుతుంది. మీ దగ్గరున్నది తర్వాత వచ్చిన వెర్షన్ అయితే మెగాహిట్ బదులు ఇంప్రూవ్డ్ అని కొట్టాలి. మొదటి లెవెల్ అయ్యాక అక్షరాలున్న సీసాల గది వస్తే తొందరపడి ఏదో ఒకటి తాగకండి. అది దొంగ కాపీలను ఆపడానికి పెట్టిన తాళం, సరైన అక్షరం గేమ్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.